పాత ఫైళ్లతోనే అసలు పరీక్ష: ఫర్మ్‌వేర్ అప్‌డేట్ తరువాత నా ఎస్ఎస్‌డీ

ఈ ఎస్ఎస్‌డీ (చిప్‌లలో ఫైళ్లను దాచే డ్రైవ్) సామర్థ్యం ఎంత, పెట్టె మీద ఎంత వేగం రాసి ఉంది, వారంటీ ఎన్నేళ్లు వంటి వివరాలు కొనబోయేవారికి ఎక్కడైనా దొరుకుతాయి కనుక వాటి జోలికి పోను. ఇది సాటా అనే కేబుల్‌తో కలిపే, సమాచారం దాచే ఒక్కో చిన్న గదిలో (సెల్‌లో) మూడు బిట్లు పెట్టే మామూలు టీఎల్‌సీ డ్రైవ్ అని తెలిస్తే చాలు. కొన్నేళ్లుగా రోజూ వాడుతున్న ఈ డ్రైవ్ గురించి నేను చెప్పదలచింది ఒక్కటే: ఎప్పుడో రాసిపెట్టిన పాత ఫైళ్లను ఇది ఎంత వేగంగా చదివి ఇస్తుంది అన్నది. ఆ విషయంలో విసిగిపోయి డ్రైవ్‌ను మార్చేద్దామనుకుంటున్న సమయంలో వచ్చిన ఒక ఫర్మ్‌వేర్ (డ్రైవ్‌ను లోపలి నుంచి నడిపే సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ నాకు ఎంతో సంతోషం కలిగించింది. అయితే ఆ మార్పు మామూలు బెంచ్‌మార్క్ (వేగం కొలిచే ప్రోగ్రామ్) అంకెల్లో ఎక్కడా కనిపించదు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కొన్న కొత్తలో ఈ డ్రైవ్‌ను చాలామంది స్నేహితులకు గట్టిగా సిఫారసు చేశాను. పెద్ద వీడియో ఫైళ్లను రాసేటప్పుడు దాని వేగం నాకు ఎంతో నచ్చేది. ఆ మెప్పును ఇప్పుడు కొంత తగ్గించుకోవలసి ఉంది. ఆ రాత వేగం సెల్‌కు ఒకే బిట్ చొప్పున రాసే ఎస్ఎల్‌సీ క్యాష్ (వేగంగా రాసేందుకు వాడే తాత్కాలిక భాగం) నిండేంతవరకే నిలుస్తుంది. డ్రైవ్‌లో ఖాళీ స్థలం తగ్గేకొద్దీ ఆ క్యాష్ కూడా కుంచించుకుపోతుంది. ఇప్పుడు మూడువంతులకు పైగా నిండి ఉన్న నా డ్రైవ్‌లో మొదటి రోజుల జోరు లేదు, ఫర్మ్‌వేర్ మారినా అది తిరిగి రాలేదు.

అసలు ఇబ్బంది చదవడంలో మొదలైంది. రెండేళ్లకు పైగా ముట్టుకోని ఫోటోల ఫోల్డర్‌ను తెరిస్తే చిన్న బొమ్మలు ఒక్కొక్కటిగా, ఆగి ఆగి వచ్చేవి. ఆ ఫోల్డర్‌ను మరో డ్రైవ్‌కు కాపీ చేస్తుంటే వేగం చూపే గీత మొదట ఎత్తుకు లేచి, పాత ఫైళ్ల వంతు రాగానే చతికిలబడేది. సాటా మార్గంలో సెకనుకు దాదాపు 550 మెగాబైట్ల వరకు రావచ్చు. నాకు ఆ ఫైళ్ల దగ్గర వంద కూడా రాని సందర్భాలు ఉన్నాయి. హార్డ్ డిస్క్ వాడిన రోజులే నయమనిపించేది. అదే సమయంలో క్రిస్టల్‌డిస్క్‌మార్క్ అనే బెంచ్‌మార్క్ నడిపితే కొత్త డ్రైవ్‌కు వచ్చినట్టే నిండు అంకెలు వచ్చేవి. తయారీదారు సహాయ విభాగానికి రాస్తే, బెంచ్‌మార్క్ ఫలితం బాగానే ఉంది కనుక డ్రైవ్‌లో లోపమేమీ లేదని బదులిచ్చారు. ఆ జవాబు నన్ను నిజంగా బాధపెట్టింది, ఎందుకంటే నేను అడిగిన ప్రశ్నకు ఆ బెంచ్‌మార్క్ సమాధానం చెప్పగలిగేది కాదు.

అలాంటి బెంచ్‌మార్క్ ప్రోగ్రామ్ ముందుగా ఒక పరీక్ష ఫైల్‌ను తానే రాసుకుని, వెంటనే దాన్నే చదివి వేగం లెక్క కడుతుంది. మామూలు అమరికలో ఆ ఫైల్ ఒక గిగాబైట్ మాత్రమే. కొన్ని క్షణాల క్రితం రాసిన సమాచారం, అదీ చాలా డ్రైవ్‌లలో ఇంకా ఎస్ఎల్‌సీ క్యాష్‌లోనే ఉన్న సమాచారం, చదవడానికి అత్యంత సులువైనది. ఏళ్ల తరబడి కదలకుండా ఉన్న సమాచారం సంగతి వేరు. టీఎల్‌సీలో ఒక్కో సెల్ మూడు బిట్లు మోస్తుంది, అంటే ఎనిమిది వోల్టేజీ స్థాయిలను విడదీసి గుర్తించాలి. సెల్‌లోని చార్జి కాలం గడిచేకొద్దీ నెమ్మదిగా కారిపోతుంటే ఆ స్థాయిలు రాసిన చోటి నుంచి జరిగిపోతాయి. డ్రైవ్‌లో చదవడం, రాయడం చూసుకునే చిప్ అయిన కంట్రోలర్ పాత కొలతతోనే చదవబోతే తప్పులు వస్తాయి. అప్పుడు కొలతను కాస్త మార్చి మళ్లీ చదువుతుంది, అవసరమైతే ఇంకోసారి, ఆపైన ఎర్రర్ కరెక్షన్‌కు ఎక్కువ పని చెప్పి బిట్లను సరిచేస్తుంది. సమాచారం చెక్కుచెదరకుండానే అందుతుంది గానీ వేగం మాత్రం ఆ తిరగచదువుల్లో హరించుకుపోతుంది.

ఇది నా ఒక్కడి డ్రైవ్‌కు వచ్చిన వింత రోగం కాదు. 2014లో శాంసంగ్ 840 ఈవో వాడుతున్నవారు సరిగ్గా ఇదే గమనించారు. ఆ ఏడాది అక్టోబరులో ఆ కంపెనీ కొత్త ఫర్మ్‌వేర్‌తో పాటు డ్రైవ్‌లోని సమాచారాన్ని తిరిగి రాసే సాధనాన్ని ఇచ్చింది. కొన్ని నెలలకే కొందరిలో మందగింపు మళ్లీ కనిపించడంతో 2015 ఏప్రిల్‌లో రెండో ఫర్మ్‌వేర్ విడుదల చేసింది. పాత సమాచారాన్ని డ్రైవ్ తనంతట తానే అప్పుడప్పుడు తిరిగి రాసుకోవడం ఆ రెండో దానిలోని ముఖ్యమైన మార్పు. మొదటిసారి చేసిన మరమ్మతు ఎందుకు నిలవలేదో తెలిసిన నేను, నా డ్రైవ్‌కు అప్‌డేట్ వచ్చినప్పుడు ఒక్క కొలతతో తృప్తిపడకుండా నెలల తరబడి చూడాలని ముందే నిర్ణయించుకున్నాను.

కొలత పద్ధతి గురించి కొంచెం చెప్పాలి. డ్రైవ్‌లో ఉన్న నా ఫైళ్లనే, ఏమీ రాయకుండా చదవడం మాత్రమే చేస్తూ, ఒక్కో ఫైల్‌కు పట్టిన సమయాన్ని నమోదు చేసే చిన్న స్క్రిప్ట్ వాడాను. ఆపరేటింగ్ సిస్టమ్ తన మెమరీలో దాచుకున్న ప్రతిని ఇచ్చేస్తే కొలత అంతా వృథా అవుతుంది కనుక, ఆ దాపును దాటి నేరుగా డ్రైవ్ నుంచే చదివేలా డైరెక్ట్ అనే అమరిక పెట్టాను. మరీ చిన్న ఫైళ్ల వేగం ఎప్పుడూ తక్కువగానే కనిపిస్తుంది కాబట్టి కొన్ని మెగాబైట్లు దాటిన వాటినే తీసుకున్నాను. ఫలితాలను ఫైల్ వయసు వారీగా గ్రాఫ్ గీస్తే, కొత్త ఫైళ్లు పైన ఒక వరుసలో బారులు తీరి, వయసు పెరిగేకొద్దీ చుక్కలు కిందికి జారుతూ పోయాయి. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఫైల్ మీద కనిపించే తేదీ దాన్ని చివరిసారి మార్చిన తేదీ మాత్రమే. పాత ఫైల్‌ను నిన్ననే ఈ డ్రైవ్‌కు కాపీ చేసి ఉంటే తేదీ పాతదే ఉంటుంది, సెల్‌లలోని చార్జి మాత్రం నిన్నటిది. నా గ్రాఫ్‌లో పాత తేదీతో పైన మెరిసిన కొన్ని చుక్కలు అలా తరువాత తెచ్చిపెట్టినవే. వాటిని తీసేశాకే గ్రాఫ్ అర్థవంతంగా కనిపించింది.

అప్‌డేట్ చేయడంలో చెప్పుకోదగ్గ ఇబ్బంది ఏమీ కలగలేదు. అన్నీ బ్యాకప్ తీసుకుని, కరెంటు పోయే అవకాశం లేకుండా చూసుకుని, కంప్యూటర్‌ను పూర్తిగా ఆపి తిరిగి ఆన్ చేశాక కొత్త వెర్షన్ నంబరు కనిపించిందని నిర్ధారించుకున్నాను. అందులో ఏం మారిందో తెలిపే పత్రంలో ‘పనితీరు మెరుగుదల’ అన్న రెండు మాటలు తప్ప మరేమీ లేదు. వినియోగదారు తన సమాచారమంతా అప్పగించిన పరికరం విషయంలో ఇంత పొదుపుగా మాట్లాడటం తగదని నా అభిప్రాయం.

అదే రోజు మళ్లీ కొలిచాను. బెంచ్‌మార్క్ అంకెలు ముందులాగే నిండుగా ఉన్నాయి, పాత ఫైళ్ల అంకెలు ముందులాగే దీనంగా ఉన్నాయి. ఫర్మ్‌వేర్ కేవలం చదివే కొలతలను సరిదిద్ది ఉంటే, జరిగిపోయిన వోల్టేజీ స్థాయిలను మొదటి ప్రయత్నంలోనే పట్టుకుని, మార్పు వెంటనే కనిపించి ఉండాలి. అలా కాలేదు. నిరాశ కలిగినా కంప్యూటర్‌ను రాత్రిళ్లు కూడా ఆన్‌లోనే ఉంచి, ఒక వారం గడిచాక మళ్లీ స్క్రిప్ట్ నడిపాను. గ్రాఫ్‌లో అన్నిటికన్నా పాత ఫైళ్లలో కొన్ని, అంతవరకు అట్టడుగున పడి ఉన్నవి, పై వరుసలోకి చేరిపోయాయి. మిగిలినవి కిందే ఉన్నాయి. మరికొన్ని రోజులకు పైకి చేరినవి ఇంకా పెరిగాయి. మధ్యలో ఎక్కడా ఆగలేదు. ఒక్కో ఫైల్ అయితే అడుగున ఉంది, లేకపోతే పైన ఉంది, సగం వేగంతో ఉన్నవి చాలా కొద్ది. డ్రైవ్ ఖాళీగా ఉన్న సమయంలో ఒక్కో బ్లాకును తీసుకుని, చదివి, కొత్త చోట తిరిగి రాస్తోందనడానికి ఇంతకన్నా స్పష్టమైన ఆనవాలు నాకు అక్కరలేదు. డ్రైవ్ తన ఆరోగ్యం గురించి తానే నమోదు చేసుకునే స్మార్ట్ పట్టికలో కూడా అదే కనిపించింది. నేను రాసిన మొత్తం దాదాపు కదలకుండా ఉంటే, ఫ్లాష్ (డ్రైవ్‌లోని సమాచారం దాచే చిప్‌లు) మీద జరిగిన రాత మొత్తం మాత్రం రోజురోజుకూ పెరుగుతూ వచ్చింది.

ఒక సందేహం మిగిలింది. తప్పులు ఎక్కువగా వస్తున్న బ్లాకును చదివినప్పుడు దాన్ని వేరే చోటికి మార్చే అలవాటు కొన్ని కంట్రోలర్లకు ముందే ఉంటుంది. అలాంటప్పుడు నా పరీక్షే ఫైళ్లకు చికిత్స చేసి ఉండవచ్చు, ఆ ఘనత ఫర్మ్‌వేర్‌కు కట్టబెట్టడం న్యాయం కాదు. ఈ ఆలోచనతోనే ఒక పాత వీడియోల ఫోల్డర్‌ను అప్‌డేట్‌కు ముందు కొద్ది ఫైళ్ల వరకే కొలిచి, మిగతా ఫైళ్లను పరీక్షల్లో అసలు ముట్టుకోకుండా వదిలేశాను. బ్యాకప్ ప్రతి ముందే వేరే డ్రైవ్‌లో ఉంది కనుక దానికోసం కూడా వాటిని చదవవలసిన అవసరం రాలేదు. రెండు నెలలు దాటాక వాటిని మొదటిసారి చదివించాను. మొదటి ఫైల్ నుంచి చివరి ఫైల్ వరకు వేగం సాటా హద్దుకు దగ్గరగా, ఒకే ఎత్తులో సాగిపోయింది. ఆ గీతను చూసినప్పుడు కలిగిన ఆనందమే ఈ సమీక్ష రాయించింది. కొన్నేళ్ల పాత పరికరం, ఒక్క స్క్రూ విప్పకుండా, తన తప్పును తాను గుర్తించి సరిచేసుకోవడం చిన్న విషయం కాదు.

ఈ మేలు ఊరికే రాలేదన్నది కూడా చెప్పాలి. తిరిగి రాసిన ప్రతిసారీ ఫ్లాష్ ఆయుష్షు కొంత ఖర్చవుతుంది. నా డ్రైవ్‌లో ఆ ఖర్చు ఇప్పటివరకు కలవరపెట్టేంతగా లేదు, కానీ పగలంతా భారీగా రాసేవారి డ్రైవ్‌లో లెక్క వేరుగా ఉండవచ్చు. మొదటి వారాల్లో చిన్న చిన్న ఫైళ్లను ఒకేసారి తెరిచేటప్పుడు అప్పుడప్పుడు ఒక క్షణం తడబాటు కనిపించింది, తరువాత అది పోయింది. డ్రైవ్ తీరికగా ఉన్నప్పుడు నిద్రపోవడం మాని పని చేస్తుంది కాబట్టి ల్యాప్‌టాప్ బ్యాటరీ మీద కొంత భారం పడటం సహజం. నాది టేబుల్ మీద ఉండే కంప్యూటర్ కనుక ఆ భారం ఎంతో నేను కొలవలేదు.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ మరమ్మతు కరెంటు ఉన్నప్పుడే జరుగుతుంది. తీసి పక్కన పెట్టిన డ్రైవ్‌కు ఏ ఫర్మ్‌వేర్ కూడా సాయం చేయలేదు. మెమరీ చిప్‌ల పరిశ్రమకు ప్రమాణాలు నిర్ణయించే సంస్థ జెడెక్ ప్రమాణం ప్రకారం సాధారణ వినియోగపు ఎస్ఎస్‌డీ, తన రాత ఆయుష్షు పూర్తయిన తరువాత, 30 డిగ్రీల సెల్సియస్ వద్ద కరెంటు లేకుండా ఒక ఏడాది సమాచారాన్ని నిలుపుకోవాలి. కొత్త డ్రైవ్ అంతకన్నా చాలాకాలం నిలుపుకుంటుంది, వేడి ఎక్కువైతే ఆ కాలం తగ్గుతుంది. అందుకే పాత ఫోటోలను భద్రపరిచి మరిచిపోవడానికి ఈ డ్రైవ్ సరైనదని నేను ఇప్పుడు ఎవరికీ చెప్పడం లేదు.

బాగా పనిచేస్తున్న దాన్ని కదపకూడదని అప్‌డేట్‌లకు దూరంగా ఉండేవారు ఉన్నారు. వారి భయం అర్థమవుతుంది, చాలా డ్రైవ్‌లలో పాత ఫర్మ్‌వేర్‌కు తిరిగి వెళ్లే దారి ఉండదు. అయినా క్రూషియల్ ఎం4 డ్రైవ్‌లు 5,184 గంటలు నడిచాక స్పందించడం మానేసే లోపాన్ని 2012 జనవరిలో సరిదిద్దింది ఫర్మ్‌వేరే. 2019 నవంబరులో హెచ్‌పీ ఎంటర్‌ప్రైజ్ హెచ్చరించిన కొన్ని సర్వర్ ఎస్ఎస్‌డీలు అప్‌డేట్ చేయకుంటే 32,768 గంటలకు సమాచారంతో సహా పనికిరాకుండా పోయేవి. కాబట్టి అప్‌డేట్ పత్రాన్ని చదవకుండా పక్కన పడేయడం నాకు సమ్మతం కాదు.

నా విషయంలో ఈ డ్రైవ్‌ను మార్చే ఆలోచన మానుకున్నాను. నా కంప్యూటర్ రోజులో ఎక్కువ సేపు ఆన్‌లో ఉంటుంది, నేను రాసేది తక్కువ, చదివేది ఎక్కువ, ప్రతి ఫైల్‌కూ వేరే చోట బ్యాకప్ ఉంది. ఈ పరిస్థితులు ఉన్నవారికి ఈ ఫర్మ్‌వేర్‌తో ఈ డ్రైవ్ నిశ్చింతగా సరిపోతుందని అనుకుంటున్నాను. వారానికి ఒకసారి కాసేపు తెరిచే ల్యాప్‌టాప్‌లో వాడేవారికి మాత్రం డ్రైవ్‌కు ఆ తీరిక సమయం దొరకకపోవచ్చు. అలాంటివారు పాత ఫోల్డర్లను ఏడాదికొకసారి వేరే చోటికి కాపీ చేసి, పాతవాటిని తొలగించి, మళ్లీ ఇందులోకి తెచ్చుకోవచ్చు. ఫర్మ్‌వేర్ నెమ్మదిగా చేసే పనిని అది ఒక్క సాయంత్రంలో చేసిపెడుతుంది.