తెరా, ఫ్లెక్సీయా? ముందు మీ ఎదుట జనం ఆగుతారో లేదో చూడండి

విజయవాడ గవర్నర్‌పేటలో మాది బోర్డులు చేసే దుకాణం. ఈ మధ్య వచ్చేవారిలో సగం మందిది ఒకటే ప్రశ్న: "ఇంకా ఫ్లెక్సీ ఎందుకండీ, ఎల్‌ఈడీ తెర పెట్టేద్దామా?" దసరాకు ముందు మా బావమరిది కూడా అదే అడిగాడు. గుంటూరు బ్రాడీపేటలో అతనికి చీరల దుకాణం ఉంది. బయటివారికైతే "మీ ఇష్టం" అని ఊరుకోవచ్చు, ఇంటివాడికి అలా చెప్పలేను కదా. కూర్చుని లెక్క వేశాను.

డబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఫ్లెక్సీ వందల్లో, మహా అయితే వేలల్లో తేలిపోతుంది. మంచి తెర లక్షల్లో మొదలవుతుంది. కరెంటు గురించి భయపడేవారికి ఒక చిన్న కిటుకు: ఎల్‌ఈడీ తెర మీద నలుపు ఉన్నచోట దీపాలు వెలగవు. తెల్లటి నేపథ్యం మానేసి ముదురు రంగు మీద చీర చూపిస్తే వాడకం బాగా తగ్గుతుంది, చీర కూడా నిండుగా కనిపిస్తుంది.

నా దృష్టిలో తేల్చేది డబ్బు కాదు. మీ బోర్డు ముందు జనం ఆగుతారా, సాగిపోతారా అన్నదే అసలు ప్రశ్న.

బందరు రోడ్డు మీద అద్దె తెర ఒకటి తీసుకున్నారనుకోండి. ఆరుగురు ప్రకటనదారులు, ఒక్కొక్కరికి 10 సెకన్లు, అంటే నిమిషానికి ఒకసారి మీ వంతు. గంటకు 30 కిలోమీటర్ల వేగంతో వెళ్లే స్కూటరు సెకనుకు 8 మీటర్లు దాటుతుంది. బోర్డు 50 మీటర్ల నుంచి చదవగలిగినా చూపు నిలిచేది ఆరు సెకన్లే. ఆ ఆరు సెకన్లలో మీ ప్రకటన ముక్కైనా కంటపడేది సుమారు నలుగురిలో ఒకరికి. పూర్తిగా చూసేవారు ఒక్కరూ ఉండరు, ఎందుకంటే బొమ్మ పది సెకన్లది, చూపు ఆరు సెకన్లది. అదే స్థలంలో కదలని హోర్డింగు ఉంటే నలుగురికి నలుగురూ చూస్తారు. అద్దె మాట్లాడేటప్పుడు ఈ లెక్క ఎవరూ మీ ముందు పెట్టరు.

ఇప్పుడు అదే తెరను ఎర్రదీపం దగ్గర నిలబెట్టండి. బెంజి సర్కిల్ కింద నిమిషంన్నర ఆగినవాడు ఆరుగురి ప్రకటనలూ చూస్తాడు, విసుగెత్తి మళ్లీ చూస్తాడు. పైన ఫ్లైఓవర్ మీద దూసుకుపోయేవాడికి మాత్రం అది రంగుల మెరుపు, అంతే. పండిట్ నెహ్రూ బస్టాండులో బస్సు కోసం ఎదురుచూసేవారు, సూర్యారావుపేట ఆసుపత్రుల్లో టోకెన్ పట్టుకుని కూర్చునేవారు, గుంటూరు కొత్తపేటలో మందుల కౌంటరు ముందు నిలబడినవారు: తెరకు అసలైన ప్రేక్షకులు వీళ్లే. ఈ వ్యాపారం పెరిగేది కూడా ఇలాంటి చోట్లేనని నా నమ్మకం. పొద్దున టిఫిను హోటలుకు, సాయంత్రం నగల దుకాణానికి ఒకే తెరను గంటల లెక్కన అమ్ముకోవచ్చు. ఫ్లెక్సీకి ఆ వీలు లేదు.

తెరే కావాలని తేల్చుకున్నవారికి రెండు హెచ్చరికలు. మొదటిది సొంత అనుభవం. నాలుగేళ్ల కిందట ఇంట్లో వాడే టీవీనే తెచ్చి, పడమటి ముఖంగా ఉన్న మా దుకాణం అద్దం వెనుక పెట్టాను. తెర వెలుగును నిట్లలో కొలుస్తారు; అలాంటి టీవీ వెలుగు సాధారణంగా 300, 400 నిట్లు. ఆరుబయట ఎండను తట్టుకుని కనిపించాలంటే 5,000 నిట్లయినా ఉండాలి. బొమ్మ కనిపించకపోవడం ఒక్కటే కాదు, రోహిణి కార్తెలో మధ్యాహ్నం మూడయ్యేసరికి తెర మధ్యలో నల్లటి మచ్చ పుట్టి, పొద్దు వాలాక మాయమయ్యేది. అలాంటి టీవీలో బొమ్మను ఏర్పరిచేవి లోపలి ద్రవ స్ఫటికాలు (లిక్విడ్ క్రిస్టల్స్); వేడికి అవి పట్టు తప్పడం వల్ల వచ్చే మచ్చ అది. కొన్నాళ్లకు మాయమవడం మానేసింది.

రెండోది మన లిపి సంగతి. పీ10 అంటే చుక్కకూ చుక్కకూ మధ్య 10 మిల్లీమీటర్లు. ఒక్క వరుస పీ10 పలకలతో చేసిన బోర్డులో నిలువునా 16 చుక్కలే ఉంటాయి. ఇంగ్లీషు అక్షరాలకు అవి చాలు. కానీ 'లక్ష్మి'లో పైన గుడి, కింద ఒత్తులు అన్నీ ఆ పదహారులో ఇరుక్కుని ముద్దవుతాయి. తెలుగు రాయాలనుకుంటే పీ4 గానీ అంతకన్నా దగ్గర చుక్కలది గానీ తీసుకోండి.

తెర, ఫ్లెక్సీ కాక వేరే దారులూ ఉన్నాయి. ఎర్రటి అక్షరాలు పాకే చిన్న బోర్డులు మందుల షాపులకు సరిపోతాయి. ఆటో వెనుక ప్రకటన చవక. గోడరాతకు ఇప్పుడు మనిషి దొరకడమే కష్టం.

ఫ్లెక్సీకి కాలం చెల్లిందా? 2022 ఆగస్టులో అప్పటి ముఖ్యమంత్రి జగన్ విశాఖలో ప్లాస్టిక్ ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించిన రోజున మా వీధంతా గుండె చేతిలో పెట్టుకుంది. ఆ తర్వాత ఏమైందో ఏ నాయకుడి పుట్టినరోజున ఏ కూడలిలో నిలబడినా తెలుస్తుంది. ప్లాస్టిక్ చెత్త మాట నిజమే, నేనూ సిగ్గుపడతాను. ఒకటి రెండు రోజుల పనికి మాత్రం దానికి సాటి వచ్చేది ఇంకా రాలేదు.

బావమరిదికి చివరికి చెప్పింది ఇది: బ్రాడీపేట రోడ్డు మీద జనం సాగిపోతారు కాబట్టి బయట పేరు ఒక్కటే, పెద్ద వెలుగు అక్షరాలతో. తెర లోపల, బిల్లు కౌంటరు వెనుక. అక్కడ ఒకరు చీర మడత పెట్టించుకుంటుంటే పక్కవారు ఊరికే నిలబడి ఉంటారు. ఎండ పడదు కాబట్టి అక్కడ ఖరీదైన తెర అక్కర్లేదు, పొద్దస్తమానం నడిచేలా దుకాణాల కోసం చేసిన మామూలు ప్యానెల్ చాలు.

తెర బిగించి నెల దాటింది. పాత బొమ్మే తిరుగుతుంటే అది కరెంటు తినే ఫ్లెక్సీ అవుతుందని నేనే నోరు జారాను. ఇప్పుడు ప్రతి గురువారం రాత్రి "బావా, రేపటికి కొత్త బొమ్మ" అని ఫోను వస్తోంది. బావమరిది కదా, బిల్లు వేయలేను.