ఓడ ముందుభాగం ఎవరిది?

అమెరికాలో ఉంటున్న మన కుటుంబాలు ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లను క్రూయిజ్‌కు తీసుకువెళ్లడం ఇప్పుడు మామూలైంది. అంత డబ్బు పోసి పై తరగతి గది తీసుకోవాలా అని నన్ను చాలామంది అడుగుతుంటారు.

అత్తయ్య, మామయ్యలతో మయామి నుంచి బయలుదేరినప్పుడు మేం తీసుకున్నాం. వేరే భోజనశాల, వేరే ఈతకొలను, పిలిస్తే పలికే బట్లర్. మోకాళ్ల నొప్పులున్న అత్తయ్యకు ఎక్కేటప్పుడు వరుసలో నిలబడే బాధ తప్పింది. మామయ్య మొదటి రాత్రి తెల్లన్నం, పెరుగు కావాలన్నారు. మర్నాటి నుంచి అడగకుండానే బల్లమీదికి వచ్చాయి. ఆ శ్రద్ధకు పెట్టిన డబ్బు దండగ అనను.

కానీ ఒక దీవి దగ్గర ఒడ్డుకు చేర్చే చిన్న పడవల కోసం జనం ఎండలో నిలబడి ఉంటే, వాళ్లను ఆపి మమ్మల్ని ముందుకు పంపారు. వరుసలో చక్రాల కుర్చీలో ఒక పెద్దాయన ఉన్నారు. “ముందు ఆయన్ని ఎక్కించమనవమ్మా” అంది అత్తయ్య. సిబ్బందికి చెప్పి చూశాను, నిబంధనలు ఒప్పుకోవన్నారు. ఆ పూట సముద్రస్నానం ఎవరికీ రుచించలేదు.

ఈ వేరు పద్ధతి ఇప్పుడు చాలా కంపెనీల్లో ఉంది. ఎమ్మెస్సీ 2008లో ఫాంటేసియా ఓడతో యాట్ క్లబ్ పేరుతో దీన్ని మొదలుపెట్టింది. నార్వీజియన్‌లో దాన్ని హేవెన్ అంటారు. రాయల్ కరీబియన్ స్టార్ క్లాస్‌లో ప్రదర్శనలకు సీట్లు చూసిపెట్టడం దగ్గర్నుంచి అన్నీ చక్కబెట్టే, జీనీ అని పిలిచే సహాయకులు ఉంటారు. ఇలా వేరు చేసినప్పుడు సముద్రం బాగా కనిపించే ఓడ ముందుభాగం ఎవరికి దక్కుతుందన్నదే నా ప్రశ్న.

నాకు నచ్చిన పద్ధతి మాత్రం సౌతాంప్టన్ నుంచి న్యూయార్క్ వచ్చేటప్పుడు క్వీన్ మేరీ 2 ఓడలో కనిపించింది. అక్కడా తరగతులున్నాయి. గదిని బట్టి క్వీన్స్ గ్రిల్, ప్రిన్సెస్ గ్రిల్, బ్రిటానియా అని భోజనశాలలు వేరు. మాది బ్రిటానియా. గ్రిల్ వారికి సొంత లాంజ్, సొంత టెర్రస్ కూడా ఉన్నాయి. అయినా 345 మీటర్ల ఆ ఓడ చుట్టూ తిరిగే నడకదారి అందరిదీ. పదకొండో అంతస్తులో ముందువైపు నిలబడి అట్లాంటిక్ చూసే చోటూ అందరిదే. పక్కన గాలికి టోపీ పట్టుకుని నిలబడినవారిది ఏ గదో ఎవరూ అడగరు. నార్వీజియన్ బ్లిస్ అనే ఓడలోనూ హేవెన్‌కు సొంత లాంజ్ ఉన్నా, ముందువైపే అందరికీ మరో పెద్ద అద్దాల లాంజ్ కట్టారు.

పెద్ద మంచానికీ మంచి భోజనానికీ ఎక్కువ తీసుకోనీయండి. సముద్రం కనిపించే చోటుకు తాళం వేయడం, నడవలేనివారిని వెనక్కి నెట్టడం నాకు తప్పనిపిస్తుంది. అందుకే ఇప్పుడు టికెట్ కొనేముందు ఓడ అంతస్తుల పటం తెరిచి, ముందువైపు ఎవరికి వదిలారో చూస్తున్నాను. చిన్న పడవల్లో దిగాల్సిన రేవులుంటే, వృద్ధులను ఏ వరుసలో పంపుతారో ఫోనులో అడుగుతున్నాను. సూటిగా జవాబు చెప్పని చోట డబ్బు కట్టడం లేదు.