ఇజ్మీర్ చిన్నాకు, వర్జీనియా పెద్దాకు

టర్కీ ఇజ్మీర్ పొగాకు ఆకు అరచేతిలో ఇమిడిపోతుంది. మన ప్రకాశం జిల్లా వర్జీనియా ఆకు మూరెడు పెరుగుతుంది. లోపలి సరుకులోనూ ఈ రెండూ వేరే. అయితే ఆకు సైజు చూసి ఆ సరుకును చెప్పేయొచ్చా?

సువాసనలో చిన్నాకుదే పైచేయి. ఆకు మీది జిగురు నూగు, సువాసనకు మూలమైన సుక్రోజ్ ఎస్టర్లను, టెర్పీన్లను స్రవిస్తుంది. ఆకు విప్పారకపోతే ఆ నూగు ఒత్తుగా ఉంటుంది.

నికోటిన్ సంగతి వేరు. అది వేళ్లలో తయారై ఆకులకు ఎక్కుతుంది. వర్జీనియాను ఎడంగా నాటి, ఎరువు వేసి, పూత వేళకు తలలు తుంచుతారు. దాంతో ఆకూ పెరుగుతుంది, నికోటినూ పెరుగుతుంది. ఇజ్మీర్ రకాన్ని నిస్సారమైన నేలలో దగ్గరదగ్గరగా నాటి, సాధారణంగా తలలు తుంచకుండా వదిలేస్తారు. అందుకే నికోటిన్ తక్కువ. (అలాగని ఆ పొగ హాని చేయదనుకోవద్దు.)

చక్కెర విషయంలో మాత్రం ఆకు సైజును నమ్మలేం, ఆరబెట్టే తీరు చూడాలి. బ్యారన్ (పొగాకు ఆరబెట్టే కొట్టం) వేడికి వర్జీనియా ఆకులోని పిండిపదార్థం చక్కెరగా మారి అలాగే నిలుస్తుంది. బర్లీ అనే మరో పొగాకు రకం కూడా పెద్దాకే, కానీ నీడలో వారాల తరబడి ఆరేసరికి దాని చక్కెర దాదాపు ఖర్చైపోతుంది.

కాబట్టి ఆకును టేపుతో కొలిచి నికోటిన్ లెక్కగట్టడం నాకు నచ్చదు. ఒకే వర్జీనియా మొక్కలోనే అడుగాకుల కంటే పైఆకుల్లో నికోటిన్ ఎక్కువ.