విజయనగరంలో సివిల్ సైట్ ట్రైనింగ్: నేను చేరాను, నాకు ఉద్యోగం వచ్చింది

మాది గజపతినగరం దగ్గర పల్లెటూరు. 2023లో సివిల్‌లో బీటెక్ అయింది. ఫైనలియర్‌లోనే ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ ఆఫర్ లెటర్ ఇచ్చింది. అమ్మ ఊరంతా చెప్పుకుంది. తర్వాత జాయినింగ్ తేదీ మూడుసార్లు మారి, ఆఖరికి మెయిల్స్ రావడమే ఆగిపోయింది. పైడితల్లమ్మ సిరిమానోత్సవానికి విజయనగరం వెళ్తే, అంత జనంలోనూ మా పిన్ని నన్ను పట్టుకుని "ఉద్యోగంలో ఎప్పుడు చేరతావే?" అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. నాతో చదివిన చాలామంది అమీర్‌పేట వెళ్లి కోర్సుల్లో చేరారు. నాన్న నన్నూ పంపిస్తానన్నారు. నేను సివిల్ ఇష్టపడి తీసుకున్నాను, దాంట్లోనే చూసుకుంటానని చెప్పాను.

మయూరి జంక్షన్ నుంచి నడిచిపోయేంత దూరంలో, మందుల షాపు మేడ మీద రెండు గదుల్లో ఉంటుంది ఈ ట్రైనింగ్. ఒక రిటైర్డ్ ఇంజనీరు గారు నడుపుతున్నారు. ఆరు వారాలకు 7,500 రూపాయలు. నేను రెండు వాయిదాల్లో కట్టాను. ఉదయం ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా సైటు, ఆ తర్వాత గదిలో లెక్కలు, మధ్యాహ్నం ఆటోక్యాడ్, అంటే కంప్యూటర్‌లో ప్లాన్లు గీయడం.

మొదటి రోజు సారు అక్కడున్న టేపులు మా చేతుల్లో పెట్టి, "చివరన ఉన్న ఈ కొక్కెం ఎందుకు కదులుతోంది?" అని అడిగారు. పాతదైపోయి వదులైందన్నాను. కాదట. టేపును బల్ల అంచుకు తగిలించి లాగితే కొక్కెం దాని మందం అంత బయటికి జరుగుతుంది, గోడకు ఆనించి నొక్కితే అంతే లోపలికి పోతుంది. అందుకే రెండు రకాలుగా కొలిచినా లెక్క సరిగ్గా వస్తుంది. నాలుగేళ్ల చదువులో ఆ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు, నాకూ తోచలేదు.

రెండో వారం పిల్లర్ రింగులు, అంటే నిలువు రాడ్ల చుట్టూ కట్టే చట్రాలు. సైటులో మేస్త్రి "ఏటమ్మా, రింగు కటింగెంత?" అని, ఒక్కో రింగుకు రాడ్డు ఎంత పొడవు కొయ్యాలో అడగగానే నోట మాట రాలేదు. సారు పక్కనే ఇటుకల మీద కూర్చోబెట్టి చేయించారు. పిల్లర్ 230 బై 380 మిల్లీమీటర్లు. నాలుగు వైపులా 40 మిల్లీమీటర్ల కవరు, అంటే రాడ్డును కప్పే కాంక్రీటు మందం, తీసేస్తే రింగు 150 బై 300, చుట్టుకొలత 900. రింగు రెండు కొసలనూ కొక్కేల్లా వంచుతారు, 8 ఎంఎం రాడ్డు కాబట్టి వాటికి పదింతలు, అంటే 80 చొప్పున 160 కలపాలి. వంపుల దగ్గర రాడ్డు సాగుతుంది, దానికి 96 తీసెయ్యాలి. 964 మిల్లీమీటర్లు. మేస్త్రి అంతే కోసి వంచాడు, సరిగ్గా కూర్చుంది. ఆ రింగును చేత్తో పట్టుకుని చాలాసేపు చూశాను.

కొక్కెం దగ్గర సారు అస్సలు రాజీపడరు. పని తేలికని 90 డిగ్రీలకే వంచి వదిలేసిన రింగులు చాలాచోట్ల కనిపిస్తాయి. భూకంపంలో రింగు బయటి పొర కాంక్రీటు రాలిపోతే ఆ కొక్కెం విప్పుకుంటుంది, రింగు తెరుచుకుని నిలువు రాడ్లు బయటికి వంగిపోతాయి. 135 డిగ్రీలకు వంచి పిల్లర్ లోపలికి దిగేసిన కొక్కెం లోపలి కాంక్రీటును పట్టుకుని ఉంటుంది. మా కళ్లముందే ఇరవై రింగులు తీయించి మళ్లీ వంచించారు. మేస్త్రికి కోపం వచ్చింది, కానీ వంచాడు.

ఇవి కాక తడి కాంక్రీటు ఎంత జారుగా ఉందో చూసే స్లంప్ టెస్టు, 150 ఎంఎం కాంక్రీటు క్యూబులు పోసి 7 రోజులకీ 28 రోజులకీ బలం చూడటం, ఎత్తుపల్లాలు కొలిచే ఆటో లెవెల్ పెట్టడం అన్నీ చేయించారు.

లోపాలూ చెప్పాలి. పన్నెండు మందికి ఐదు కంప్యూటర్లే ఉన్నాయి, కరెంటు పోతే ఆ రోజు క్యాడ్ క్లాసు పోయినట్టే. ఆటోక్యాడ్ ప్లాను గీయడం వరకే చెప్తారు, డిజైన్ సాఫ్ట్‌వేర్ కావాలంటే ఇంకోచోట చూసుకోవాలి. గేట్‌కో ఏఈఈ పరీక్షకో చదువుతున్నవాళ్లకు ఇది పనికిరాదు. ఉద్యోగం ఇప్పిస్తామని ఎవరూ చెప్పరు, సారు ఆ మాట మొదటి రోజే తేల్చేస్తారు. నాకు అది నచ్చింది. ఎందుకంటే అంతకుముందు ఒక కన్సల్టెన్సీ వాళ్లు ఉద్యోగం గ్యారంటీ అని చెప్పి మా నాన్న దగ్గర 5,000 తీసుకుని ఫోను ఎత్తడం మానేశారు.

ఆడపిల్లలకు ఒక మాట. సైటులో బాత్రూమ్ ఉండదనే టెన్షన్‌తో నేను మొదటి రెండు రోజులు నీళ్లు తాగకుండా ఉన్నాను. మూడో రోజు తలనొప్పితో కూర్చుండిపోతే, సారు విషయం కనుక్కుని పక్కింటి వాళ్లతో మాట్లాడి ఏర్పాటు చేశారు. మీరు మొదటి రోజే అడిగేయండి. నాలాగా దాచుకోకండి.

ట్రైనింగ్‌కు ముందు నేను వెళ్లిన ఇంటర్వ్యూలో స్లాబు కవరు ఎంతన్నారు, 20 ఎంఎం అని చెప్పాను. "సైటులో అది ఉందో లేదో ఎలా చూస్తావు?" అంటే జవాబు లేదు. ట్రైనింగ్ అయ్యాక భోగాపురం వైపు అపార్ట్‌మెంట్లు కడుతున్న ఒక కాంట్రాక్టర్ ఆఫీసుకు వెళ్లాను. 12 ఎంఎం రాడ్డు, 12 మీటర్ల పొడవు, బరువెంత అన్నారు. వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు 0.889 కిలోలు, మొత్తం 10.67 అన్నాను. తర్వాత నన్ను కిందికి, కట్టి ఉన్న పిల్లర్ దగ్గరికి తీసుకెళ్లి "ఏమైనా తప్పుందా?" అని అడిగారు. కింది నుంచి మూడో రింగు కొక్కెం 90కే వంచి ఉంది. వేలు పెట్టి చూపించాను. ఆయన మేస్త్రిని కేకేశారు. నన్ను సోమవారం నుంచి రమ్మన్నారు. నెలకు 16,000.

మొదటి జీతంతో అమ్మకు చీర కొన్నాను. రెండో నెల ఐదు మీటర్ల టేపులు మూడు కొని సారు దగ్గర ఇచ్చి వచ్చాను. అక్కడ ఉన్న నాలుగింటిలో రెండింటికి అంకెలు అరిగిపోయాయి. మీరు చేరేటట్టయితే మీ టేపు మీరే తీసుకెళ్లండి, బూట్లు కూడా.