జడ్చర్ల రోడ్డు నర్సరీలో కొన్న 60 కిత్తనార మొక్కలు

దేవరకద్ర దగ్గర మా చెలక గెట్టుకు కంచెగా ఉంటాయని జూన్‌లో 60 కిత్తనార (నార తీసే అగేవ్) మొక్కలు తెచ్చాను. జడ్చర్ల నుంచి మహబూబ్‌నగర్ పోయే దారిలో రోడ్డు పక్కనున్న నర్సరీలో కొన్నాను. ఒక్కోటి 25 రూపాయలు. మా మామయ్య కాలంలో ఇవి ఊరికే దొరికేవి. గెట్లు చదును చేసేటప్పుడు జేసీబీలు అన్నిటినీ పీకేశాయి.

నచ్చనిది ముందు చెప్తాను. మొక్కల ముందు 'కలబంద, విత్తనం మొక్క' అని చీటీ పెట్టారు. రెండూ తప్పే. నా ముందే ఒకామె తలకు పెట్టుకోవడానికని ఒకటి తీసుకోబోయింది. కిత్తనార రసం ఒంటికి తగిలితే దురద, మంట. నేను ఆపి అసలు కలబంద చూపించాను. యజమాని 'మార్పిస్తా అక్కా' అన్నాడు. ఆగస్టులో వెళ్లినా అదే చీటీ ఉంది. ఇది చిన్న తప్పు కాదు.

విత్తనం ఎక్కడిదని అడిగితే మాత్రం విసుక్కోకుండా వెనక్కి తీసుకెళ్లి తల్లిమొక్కను చూపించాడు. దాన్ని చూడ్డానికైనా ఆ నర్సరీకి వెళ్లొచ్చు. రెండు నిలువుల ఎత్తు దాటిన కాండం, పైన ఆకుపచ్చ-పసుపు పూలు. వంగిన ఒక కొమ్మను దగ్గరగా చూశాను. విచ్చిన పూలలో కేసరాలు బయటికి పొడుచుకొచ్చి పుప్పొడి రాలుస్తున్నాయి. పాత పూలలో కేసరాలు వాడాక కీలం (పుప్పొడిని అందుకునే ఆడ భాగపు కాడ) సాగింది. తన పుప్పొడి తనమీదే పడకుండా ఈ ఏర్పాటు. కింది కొమ్మల్లో పూలు రాలిన చోట వేలెడు పిల్లమొక్కలు గుత్తులుగా ఉన్నాయి. నేను కొన్నవి ఇవే!

ఈ నార కిత్తనారలో క్రోమోజోములు ఐదు వరుసలు. బేసి లెక్క కాబట్టి అవి సరిగా జతపడవు, విత్తనం దాదాపు కట్టదు. పిల్లలన్నీ తల్లికి నకళ్లే. దీని బంధువులు మెక్సికోలో, అరిజోనా ఎడారుల్లో రాత్రిపూట తేనె పట్టి పొడవు ముక్కు గబ్బిలాలను పిలుస్తాయి. ముఖమంతా పుప్పొడి పూసుకుని అవి మొక్క నుంచి మొక్కకు తిరుగుతాయి, అప్పుడు విత్తనం కడుతుంది. ఆ బంధువుల్లో ఒకదాన్ని టెకీలా అనే మద్యం కోసం పెంచే మెక్సికో రైతులు చక్కెరంతా పూతకు పోతుందని కాండాన్ని ముందే నరికి, పిలకలే నాటుతారు. దాంతో గబ్బిలాలకు తిండి తగ్గింది, తోటలన్నీ ఒకే మొక్క నకళ్లయ్యాయి. రొడ్రిగో మెడెయిన్ అనే శాస్త్రవేత్త నూటికి ఐదు మొక్కలను పూతకు వదలమని రైతులను ఒప్పించారు. ఆ పని నాకెంతో నచ్చింది.

కొనేవాళ్లకు ఇదెందుకంటే, కిత్తనార జీవితంలో ఒక్కసారే పూసి చచ్చిపోతుంది. ఒకే వయసు నకళ్లు గెట్టంతా నాటితే ఇంచుమించు కలిసే పూతకొచ్చి కంచెలో ఖాళీలు పడతాయి. తెగులొచ్చినా అన్నిటికీ ఒకేలా సోకుతుంది. చీటీలో నిజం రాస్తే రైతు రెండు మూడు ఏళ్లకు విడతలుగా నాటుకుంటాడు కదా.

మొక్కల నాణ్యత బాగుంది. 56 బతికాయి, నీళ్లు నిలిచిన మూలన నాలుగు కుళ్లాయి. వాటి బదులు రెండు ఉచితంగా ఇచ్చాడు. వచ్చే జూన్‌లో మిగతా గెట్టుకు మళ్లీ అక్కడే కొంటాను. కాండాన్ని గుంజకు నరకొద్దని, పిల్లలన్నీ రాలేదాకా ఉంచమని అడిగాను. సరేనన్నాడు.