సెకండ్‌హ్యాండ్ డీఐ బాక్సు, మైకు కొనేవాళ్లు జాగ్రత్త. నా 9,500 పోయాయి

కోపం మీద రాస్తున్నానండి, తప్పులుంటే సర్దుకుని చదవండి. పొద్దున్న తొమ్మిదింటికి ఆ మనిషి నా నంబరు బ్లాక్ చేశాడు. ఇప్పుడు పదకొండయింది, ఇంకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి.

ఎవరో మీకు తెలుసు. రాజమండ్రి నుంచి నరసాపురం దాకా గిటారు, కీబోర్డు వాయించే ప్రతివాడి ఫోన్లోనూ ఆ నంబరు ఉంటుంది. పాత సామాను ఫొటోలు పెట్టి అమ్ముతాడే, ఆయనే. కంప్లైంటు పెట్టాను కాబట్టి పేరు ఇక్కడ రాయను. ఇంతకుముందు ఆయన దగ్గర రెండు కేబుళ్లు, ఒక స్టాండు కొన్నాను. అవి బానే ఉన్నాయి. ఆ నమ్మకంతోనే ఈసారి చూడకుండా డబ్బులు పంపాను. షూర్ ఎస్ఎం57 మైకుకి 6,500, ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న పాసివ్ (కరెంటు అక్కర్లేని) డీఐ బాక్సుకి, అదే గిటారు సిగ్నల్‌ని నేరుగా రికార్డింగుకి పంపే చిన్న పెట్టెకి, 3,000. "రెండుసార్లే వాడింది తమ్ముడూ, నా చేత్తో చెక్ చేసి పంపుతున్నా" అన్నాడు. పార్సిల్ పాలకొల్లు బస్టాండుకి వచ్చింది. బాక్సు చేతిలోకి తీసుకుంటే మంచి బరువుంది. ఆ బరువు చూసి మురిసిపోయాను.

నాకు ఇవి ఎందుకంటే, మా పాస్టరుగారి క్రిస్మస్ పాటకి బేస్ గిటారు ఇంట్లోనే రికార్డు చేస్తున్నాను. గిటారు నుంచి వైరు డీఐ బాక్సులోకి వెళ్లాలి. అక్కడ రెండుగా చీలి, ఒకటి త్రూ జాక్ నుంచి ఆంప్‌కి (గిటారు స్పీకరు పెట్టె), ఇంకొకటి ఎక్స్ఎల్ఆర్ (మూడు పిన్నుల) వైరులో కంప్యూటరుకి కలిపే ఇంటర్‌ఫేసుకి. ఆంప్ ముందు మైకు. అంటే ఒకే వాయింపు రెండు ట్రాకుల్లో పడుతుంది. డీఐ ట్రాకులో కింది బరువు శుభ్రంగా వస్తుంది, మైకు ట్రాకులో స్పీకరు గరుకు వస్తుంది. ఎస్ఎం57 కింది స్వరాలకి పెద్ద గొప్ప మైకేం కాదు, ఆ సంగతి నాకూ తెలుసు. కిందిది డీఐ చూసుకుంటుంది కాబట్టి నాకది చాలు.

మొదటి రాత్రే డీఐ ట్రాకులో హమ్మింగ్ మొదలైంది. ఆంప్ వైరు తీసేస్తే తగ్గుతోంది, పెడితే వస్తోంది. ఇలాంటప్పుడు గ్రౌండు లింకు తెంచడానికే ఉండే గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్ అటు నొక్కినా ఇటు నొక్కినా ఒకటే. మన కరెంటు 50 హెర్ట్జ్, హమ్మింగూ అక్కడే. బేస్‌లో అన్నిటికన్నా లావు తీగ (E తీగ) మూడో ఫ్రెట్ జీ స్వరం 49 హెర్ట్జ్. మా పాట జీ మేజరు. ఆ హమ్మింగ్‌ని ఈక్యూతో (స్వరాల మోతాదు తగ్గించే, పెంచే సాధనంతో) కోస్తే పాటకి ఆధారమైన స్వరం కూడా దాంతోపాటే పోతుంది. ఎలా తీయమంటారు?

ఇక్కడ నేను చేసిన పని చెప్పుకోవడానికే సిగ్గుగా ఉంది. మా ఇంటి వెనక రొయ్యల చెరువులు. రాత్రంతా ఏరియేటర్లు తిరుగుతాయి. ఆ శబ్దమే పడుతోందనుకుని, రాత్రి పదింటికి చెరువు బాబాయి దగ్గరికెళ్లి "ఓ అరగంట ఆపుతావా" అని అడిగాను. ఆయన నా మొహంకేసి చూసి "ఆపితే గాలందక తెల్లారేసరికి రొయ్యంతా తేలిపోద్దిరా" అన్నాడు. లక్షలు పెట్టుబడి పెట్టి నిద్ర మానుకుని కాపలా కాసే మనిషిని నేను అడిగిన మాట అది. పైగా డీఐ ట్రాకులో బయటి శబ్దం పడదు, తీగలో వచ్చిందే పడుతుంది. పదేళ్లుగా బేస్ వాయిస్తున్నాను, ఆ ఒక్క నిమిషం ఆ ఆలోచనే రాలేదు. సామాను మీద అనుమానం రాకూడదన్నట్టు తప్పంతా ఇంకెక్కడో వెతికాను.

తర్వాత మైకు. డీఐ ఒక్కటీ వింటే బేస్ ఉంది. మైకు ఒక్కటీ వింటే సన్నగానైనా ఉంది. రెండూ కలిపితే కింది బరువంతా మాయం. ఫేజు తేడా, అంటే మైకు దూరం వల్ల రెండు ట్రాకుల అలలు కలవట్లేదు అనుకుని మూడు రాత్రులు మైకుని జరుపుతూనే ఉన్నాను. రెండంగుళాలు, జానెడు, అడుగు. సాఫ్ట్‌వేర్లో మైకు ట్రాకుని ముందుకి లాగాను. ఫ్యాను ఆపేసి, తలుపులు బిగించుకుని, చెమటతో తడిసిపోతూ.

నాలుగో రోజు కాగితం మీద లెక్క వేస్తే అప్పుడు వెలిగింది. మైకు అడుగు దూరంలో ఉంటే శబ్దం చేరడానికి పట్టేది దాదాపు 0.9 మిల్లీసెకను. E తీగ 41 హెర్ట్జ్, దాని అల ఒక చుట్టు తిరగడానికే 24 మిల్లీసెకన్లు పడుతుంది. అడుగు దూరం ఆ స్వరాన్ని చంపలేదు. పై స్వరాల రంగు మారుతుంది, అంతే. కింది బరువు మొత్తం పోయిందంటే ఒక అల పైకి లేచినప్పుడు రెండోది కిందకి దిగుతోందన్నమాట. పెద్దది చేసి చూస్తే అచ్చం అదే. పోలారిటీ తిరగేసే (అలని తలకిందులు చేసే) బటన్ నొక్కగానే బేస్ తిరిగొచ్చింది. మా చర్చిలో ఇదే మోడలు పాత మైకు ఉంది, దాన్ని తెచ్చి అదే చోట పెడితే ఏ బటనూ నొక్కక్కర్లేకుండా సరిగ్గా కలిసింది. అంటే నాకు అమ్మిన దాంట్లో వైర్లు తారుమారు. రెండిటినీ కిరాణా కొట్టు కాటా మీద పెట్టాను. అసలు ఎస్ఎం57 బరువు 284 గ్రాములు. చర్చి మైకు 285 చూపించింది. నాది 230.

అప్పుడు డీఐ బాక్సు విప్పానండి. వంటింట్లో, గచ్చు మీద కూర్చుని. నాలుగు స్క్రూలు. లోపల ట్రాన్స్‌ఫార్మర్ ఉండాల్సిన చోట రెండు రెసిస్టర్లు, వాటి పక్కన ఎంసీల్ ముద్ద. ముద్దని గిల్లితే అందులోంచి ఇనుప నట్లు బయటపడ్డాయి, మూడు. గ్రౌండ్ లిఫ్ట్ స్విచ్‌కి అసలు వైరే లేదు. నేను చేతిలో పట్టుకుని మురిసిపోయిన బరువు ఆ మూడు నట్లది. మా ఆవిడ పక్కనే నిలబడి చూసింది. ఏమీ అనలేదు. ఏదన్నా అని ఉంటే బాగుండు.

పొద్దున్నే ఫోన్ చేశాను.

"అన్నా, బాక్సులో ట్రాన్స్‌ఫార్మర్ లేదు."

"నిన్నెవడు విప్పమన్నాడు? విప్పాక నాకు సంబంధం లేదు."

"లోపల నట్లు పెట్టి అంటించారన్నా. మైకు కూడా ఒరిజినల్ కాదు."

కాసేపు మాట్లాడలేదు. నాకేమనిపించిందంటే, పాపం ఈయన కూడా ఎవరి దగ్గరో మోసపోయాడేమో, ఇప్పుడు అయ్యో అంటాడేమో అనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను. అప్పుడు అన్నాడు:

"చర్చిలో వాయించుకునేవాడివి, నీకు ఒరిజినల్ ఎందుకు తమ్ముడూ? ఆ మైకు సెట్లో తేడా ఎవడికి తెలుస్తుంది?"

అంటే తెలిసే పంపాడు. మనిషిని చూసి, ఊరు చూసి, వీడికిది చాలని లెక్కేసి పంపాడు. డబ్బు పోయినందుకు కాదు, ఈ మాటకి నాకు నిద్ర పట్టదు. మా చర్చిలో ఒక పెద్దావిడ ఉంది. నేను ఊరెళ్లి ఓ ఆదివారం రాకపోతే మరుసటి వారం "పోయినవారం పాటకి నడుం లేదురా అబ్బాయ్" అంది. ఆవిడకి డీఐ అంటే తెలీదు. తేడా తెలుసు. మాకు చెవులు లేవని ఈయన ఎలా అనుకున్నాడు?

నేను తిరిగి ఏదో అనేలోపు పెట్టేశాడు. మళ్లీ చేస్తే బ్లాక్. నేను సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి, డబ్బు పంపిన వివరాలు, విప్పినప్పటి ఫొటోలు ఇచ్చాను. ఆయన దగ్గర ఈ మధ్య కొన్నవాళ్లెవరైనా ఉంటే మీ సామాను కూడా ఒకసారి చూసుకోండి. కలిసి వెళ్దాం.

కొనేవాళ్లకి నాకు తోచింది ఇదొక్కటే. ట్రాన్స్‌ఫార్మర్ ఉన్న డీఐ అని అమ్మితే మల్టీమీటరు పట్టుకెళ్లండి. జాక్ టిప్‌కీ (కొనకీ) ఎక్స్ఎల్ఆర్ రెండో పిన్నుకీ మధ్య మీటరు ఏమీ చూపించకూడదు, చూపిస్తే లోపల ట్రాన్స్‌ఫార్మర్ లేదు. రెండు, మూడు పిన్నుల మధ్య మాత్రం కాస్త రెసిస్టెన్సు చూపించాలి. గ్రౌండ్ లిఫ్ట్ నొక్కితే జాక్ స్లీవ్‌కీ (గ్రౌండు భాగానికీ) ఒకటో పిన్నుకీ లింకు తెగాలి. మైకుని కాటా మీద పెట్టండి. పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, నేను తీయలేదు.

ఇంకో మాట. డిసెంబరు 15 లోపు పాట పాస్టరుగారి చేతికివ్వాలి. చర్చి మైకు ఉంది కాబట్టి ఆంప్ సంగతి ఫర్వాలేదు. పాలకొల్లు, భీమవరం, నరసాపురం వైపు ఎవరి దగ్గరైనా మంచి డీఐ బాక్సు ఉంటే రెండు రోజులు అద్దెకివ్వండి. నేనే బండి మీద వచ్చి తీసుకెళ్తాను.