ఆడవాళ్ళ సపోర్ట్ గ్రూప్, వైజాగ్ – చాలా ఏళ్ళుగా వెళ్తున్నదాన్ని, నా రివ్యూ

హెచ్ఐవీ ఉండి, దానికి తోడు తాగుడు కూడా ఉన్న పల్లెటూరి ఆడవాళ్ళం నెలకోసారి వైజాగ్‌లో కూర్చునే గ్రూప్ ఇది. పేరు రాయట్లేదు, రాస్తే మాలో కొందరు ఊళ్ళో దొరికిపోతారు. మాది చోడవరం వైపు.

హెచ్ఐవీ మందులిచ్చే ఏఆర్టీ సెంటర్లో అయితే మాత్రల సంగతి చెప్తాం, తాగుడు దాచేస్తాం. తాగుడు మాన్పించే డీఅడిక్షన్ సెంటర్ దగ్గర తాగుడు చెప్తాం, హెచ్ఐవీ దాచేస్తాం. రెండూ ఒకేచోట నోరు విప్పి చెప్పింది నేను ఇక్కడే, ఎందుకంటే కూర్చున్న అందరికీ రెండూ ఉన్నాయి. మగాడు తాగితే అలవాటంటారు, అదే ఆడది తాగితే దాని బతుకంతా తీసుకొచ్చి వీధిలో పెడతారు కదా.

నడిపించే అక్క కూడా మాలాంటిదే. రాత్రి మాత్ర తప్పిపోతుందంటే తిట్టలేదు, "చెల్లీ, సారా ఎన్నింటికి తాగుతావు, మాత్ర ఎన్నింటికి ఏసుకుంటావు?" అని అడిగింది. చూస్తే రెండూ ఒకటే టైం! పాత మాత్రలో ఎఫావిరెంజ్ ఉండేది, తల తిరుగుతుందని పడుకునేముందు వేసుకోమనేవారు, తర్వాత డోలుటెగ్రవిర్ ఉన్న కొత్త మాత్ర టీఎల్‌డీ వచ్చినా మాకు రాత్రి అలవాటే ఉండిపోయింది. అక్కే నాతో డాక్టర్ దగ్గరికి వచ్చింది, ఆయన పొద్దున్నకి మార్చుకోవచ్చన్నారు. ఇప్పుడు చద్దన్నంతో పాటే మాత్ర, రక్తంలో వైరస్ ఎంతుందో చూడ్డానికి ఏడాదికోసారి చేసే వైరల్ లోడ్ టెస్టులో వైరస్ కనబడట్లేదు. ఇన్నేళ్ళలో చదువుకున్నోళ్ళు ఒక్కరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదండి.

ఇంకోటి మాత్రల డబ్బా. బస్సులో గలగలమంటుంది, పక్కన కూర్చున్నావిడ చూస్తుంది. డబ్బాని గుడ్డలో గట్టిగా చుట్టి పెడితే చప్పుడు తగ్గుతుంది, పైన కాగితం ఊడదీసేస్తే ఎక్స్‌పైరీ డేట్ పెన్నుతో రాసుకోవాలి, మాత్రలు మాత్రం వేరే డబ్బాలో పొయ్యకూడదు, చెమ్మ పడుతుంది. ఇలాంటివి గ్రూపులో ఆడవాళ్ళు చెప్తేనే తెలిసేది.

రోజూ తాగేవాళ్ళు ఉన్నట్టుండి మానేస్తే ఫిట్స్ రావచ్చని కూడా నాకు ఇక్కడే తెలిసింది. మాలో ఒక వదిన అమ్మవారి దగ్గర ఒట్టేసుకుని మానేసింది, రెండోరోజుకి చేతులు వణుకు, లేనివి కనబడటం, అర్ధరాత్రి అక్కకి ఫోన్ చేస్తే ఆటో మాట్లాడి ఆసుపత్రిలో చేర్పించారు, బతికింది. అందుకే కొత్తవాళ్ళని ఇప్పుడు ముందు డాక్టర్ దగ్గరికే పంపుతారు. టీబీ రాకుండా ఇచ్చే ఐఎన్‌హెచ్ వేసుకునేటప్పుడు తాగితే లివర్ పాడవుతుందని కూడా గట్టిగా చెప్తారు.

నచ్చనివీ ఉన్నాయి. వారం మధ్యలో పొద్దున్న పెడతారు, కూలి పోతుంది. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ లాంటి బస్సుల్లో ఆడవాళ్ళకి టికెట్ డబ్బులు లేవు కాబట్టి ఛార్జీ బాధ తీరింది, కానీ కూలి ఎవరిస్తారు? పాడేరు వైపు నుంచి వచ్చేవాళ్ళకైతే రోజంతా ప్రయాణమే. ఆదివారం పెట్టమని ఎన్నిసార్లు అడిగామో. చుట్ట గురించి అసలు మాట్లాడరు. మా పెద్దాళ్ళు అడ్డపొగ తాగుతారు, నిప్పు నోట్లో పెట్టుకుని, దాంతో అంగిట్లో క్యాన్సర్ రావచ్చు, అదీ వ్యసనమే కదా, నోరు తెరిపించి చూసేవాళ్ళు ఒకరుండాలి. వాట్సాప్ గ్రూప్ పెడదామంటే మాత్రం మేమే వద్దన్నాం, ఇంట్లో ఫోన్ అందరి చేతుల్లోనూ తిరుగుతుంది. మన అనుమతి లేకుండా మన హెచ్ఐవీ సంగతి బయటపెట్టకూడదని 2017 చట్టం ఉంది నిజమే, కానీ ఊళ్ళో ఒకసారి తెలిశాక చట్టం ఏం చేస్తుంది?

వెళ్ళాలనుకునేవాళ్ళు మీ ఏఆర్టీ సెంటర్ కౌన్సిలర్‌ని ఆడవాళ్ళ గ్రూప్ ఎక్కడుందో అడగండి, మగవాళ్ళతో కలిపి పెట్టేదైతే ఆడవాళ్ళది వేరే ఉందేమో కనుక్కోండి, మగాళ్ళ ముందు మనం సగమే మాట్లాడతాం. హెచ్ఐవీ గురించి 1097, తాగుడు గురించి 14446, రెండూ ఫ్రీ నంబర్లే.